ఏ నీళ్లకు ఆ నీళ్లే కొలబద్ద

మౌలాలి గుట్టను చూస్తే చాలు, సికింద్రాబాద్ బోర్లన్నీ ఏ రాతిలోంచి నీళ్లు తోడుతున్నాయో తెలుస్తుంది. గ్రానైటులో ఎంతో కొంత యురేనియం ఉంటుంది. గాలి సోకి, బైకార్బొనేట్ ఉన్న నీళ్లలో అది కరిగి కదులుతుంది. రంగూ రుచీ వాసనా ఉండవు. బేగంపేటలోని అణు ఖనిజ డైరెక్టరేట్ వాళ్లకు అది భూమిలో ఖనిజం ఉందని చెప్పే ఆచూకీ. తాగేవాళ్లకు మాత్రం కిడ్నీల సంగతి.

దాన్ని పట్టుకునేది లేజర్ ఫ్లోరిమీటర్. నమూనాలో సోడియం పైరోఫాస్ఫేట్ ద్రావణం కలిపి, 337 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని క్షణంలో కోట్లవంతు సేపు కొడతారు. యురేనియం ఆకుపచ్చగా మెరుస్తుంది. నీళ్లలోని ఆకులలముల సారం కూడా మెరుస్తుంది, కానీ ఆ మెరుపు నానోసెకన్లలో ఆరిపోతుంది. యురేనియంది పదుల మైక్రోసెకన్లు నిలుస్తుంది. అందుకే యంత్రం కాసేపు ఆగి, ఆ తర్వాతే లెక్కపెడుతుంది. స్టేషన్లో రైలు దాటిపోయేదాకా ఆగి పక్కవాళ్ల మాట విన్నట్టు. ఈ పనిలో నాకు ఎంతో ఇష్టమైనది ఆ ఆగడమే.

అసలు నేర్పు మాత్రం తర్వాత ఉంది. ఇనుము, క్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు మెరుపును అణిచేస్తాయి. ఒకే మోతాదు యురేనియం ఒక బోరు నీళ్లలో బాగా మెరిసి, పక్క వీధి బోరులో మసకబారుతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో గీసుకున్న కొలత గీత మీద రెండింటినీ చదివితే మసకబారిన చోట తక్కువ చూపిస్తుంది, ఇంటివాళ్లు నిశ్చింతగా తాగేస్తారు. కాబట్టి అదే నమూనాలో తెలిసినంత యురేనియం చుక్క వేసి, మెరుపు ఎంత పెరిగిందో చూసి, దానితో మొదటి మెరుపును లెక్కగట్టాలి. ప్రతి సీసాకూ ఇలా చేయడం విసుగే. అయినా ఈ మెట్టు దాటేసి వచ్చిన అంకెను నేను నమ్మను.

ఆ అంకెను దేనితో పోల్చాలన్నదీ తేలిక కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో లీటరుకు 15 మైక్రోగ్రాములంది, 2011లో 30కి పెంచింది. మన అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి 60. రిపోర్టులో 45 వస్తే ఒక లెక్కన తాగొచ్చు, ఇంకో లెక్కన వద్దు. నన్నడిగితే పసిపిల్లలున్న ఇంట్లో 30 దాటిన నీళ్లు తాగనివ్వను. కాచి తాగితే సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. నీళ్లు ఆవిరైపోతాయి, యురేనియం గిన్నెలోనే మిగిలి ఇంకాస్త చిక్కబడుతుంది. ఆర్వో యంత్రమైతే చాలావరకు తీసేస్తుంది.