లింకు కాగితాలు లేని కారు

హన్మకొండలో రెండు వందల గజాల ప్లాటు కొనాలంటే మనవాళ్లు ఎంత జాగ్రత్తపడతారో అందరికీ తెలుసు. పాత పహాణీలు తీయిస్తారు, ఈసీ తీయిస్తారు, లింకు డాక్యుమెంట్లు ఎంత వెనక్కి దొరికితే అంత వెనక్కి చదివిస్తారు. తెలిసిన వకీలు సరేనంటే గానీ బయానా ఇవ్వరు. అదే మనిషి హైదరాబాద్ వెళ్లి, అరవై లక్షల విదేశీ కారును ఒక్క పూటలో మెచ్చి, ఓ రౌండు తోలి, ఆర్‌సీ ఒక్కటి చూసి అడ్వాన్సు కట్టేస్తాడు. ఆ కారు ఏ దేశం నుంచి వచ్చింది, ఏ రేవులో దిగింది, ఎవరి పేరు మీద దిగింది, ఎంత ధర రాసి ఎంత సుంకం కట్టారు? వీటిలో ఒక్కటీ అడగడు. భూమికి చూపే శ్రద్ధలో సగం కారుకు చూపినా చాలా కుటుంబాలు కష్టం నుంచి తప్పించుకుంటాయి.

మన ఊరికి ఈ ముచ్చట దూరమైనది కాదు. 1959లో రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చినప్పటి నుంచి కాజీపేట స్టేషన్లో రైలెక్కి అమెరికా దాకా వెళ్లిన పిల్లలు ఎందరో. ఇప్పుడు వాళ్లలో కొందరు తిరిగొస్తున్నారు. తిరిగొచ్చేవాళ్లకు ఇల్లు, పిల్లల బడి తర్వాత వచ్చే ప్రశ్న కారే. నక్కలగుట్టలో ఉండే ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు ఈమధ్య నన్ను ఆపి అడిగారు.

“సార్, మా పెద్దోడు వచ్చే ఎండాకాలం ఇక్కడికే వచ్చేస్తుండు. వాని కారు గూడ ఓడల ఏసి పంపుకుంటడట. రెండేండ్లు అక్కడున్నోళ్లకు సుంకం మాఫీ ఉంటదట గదా?”

“కారుకు ఆ మాఫీ లేదు సార్. అసలు ఆ కారునే రానియ్యరు.”

“ఎందుకు?”

“స్టీరింగ్ ఎడమ దిక్కుంటది గదా.”

ఆయన నమ్మలేనట్టు చూశారు. నిజానికి ఆయన అడిగినదాంట్లో రెండు అపోహలు కలిసి ఉన్నాయి. మొదటిది సామాను గురించి. చాలాకాలం విదేశంలో ఉండి వచ్చేవారికి ఇంటి సామాను మీద సుంకంలో రాయితీ ఉన్నమాట నిజమే. కానీ కస్టమ్స్ చట్టం రెండో సెక్షన్లో బ్యాగేజీ అంటే ఏమిటో చెబుతూనే మోటారు వాహనాలు అందులోకి రావని రాశారు. వాషింగ్ మెషీన్ సామాను అవుతుంది, కారు కాదు. శాశ్వతంగా తిరిగొచ్చేవారికి, కారు కనీసం ఏడాది పాటు తమ చేతిలో ఉంటే, దిగుమతి లైసెన్సు విషయంలో కొంత సడలింపు దొరుకుతుంది. ఆ సడలింపునే జనం సుంకం మాఫీ అనుకుంటున్నారు. సుంకం పూర్తిగా కట్టాల్సిందే.

రెండోది స్టీరింగ్. మన మోటారు వాహనాల చట్టం ఎడమ స్టీరింగ్ బండిని రోడ్డు మీద పూర్తిగా నిషేధించలేదు. సిగ్నల్ పరికరం సరిగా పనిచేస్తే నడపవచ్చని 120వ సెక్షన్ అంటుంది. అడ్డం వచ్చేది దిగుమతి విధానం. బయట వాడిన కారు ఇక్కడికి రావాలంటే స్టీరింగ్ కుడివైపు ఉండాలి, తయారై మూడేళ్లు దాటకూడదు, స్పీడోమీటర్ కిలోమీటర్లలో చూపాలి, హెడ్‌లైట్లు ఎడమవైపు నడిచే ట్రాఫిక్‌కు తగినట్టు ఉండాలి. ఓడ ఎక్కే ముందు ఒక తనిఖీ సర్టిఫికెట్, దిగాక ఇక్కడి సంస్థలో మరో పరీక్ష. అహిల్యానగర్ (పాత పేరు అహ్మద్‌నగర్)లోని వీఆర్‌డీఈ, పుణెలోని ఏఆర్‌ఏఐ అలాంటి సంస్థలే. ఇవన్నీ కుదిరినా వాడిన కారు దిగాల్సిన రేవు ముంబై ఒక్కటే. విశాఖ మనకు దగ్గర కదా అంటే కుదరదు.

ఈ నిబంధనల్లో స్టీరింగ్ నిబంధనను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ములుగు దాటి ఏటూరునాగారం వైపు వెళ్లే రోడ్డు మీద, తాడ్వాయి అడవిలో, ముందు ఇసుక లారీ ఉందనుకోండి. ఎడమ సీట్లో కూర్చున్న డ్రైవర్‌కు లారీ వెనుక భాగం తప్ప ఎదురు రోడ్డు కనిపించదు. బండి మొత్తం పక్కకు తీస్తే గానీ ఎదురుగా బస్సు వస్తోందో లేదో తెలియదు. అమెరికా, గల్ఫ్ దేశాల కార్లన్నీ దాదాపు ఇలాంటివే. అంటే మన జిల్లా పిల్లలు ఎక్కువమంది తోలే కార్లకు దారి మూసుకున్నట్టే. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, సింగపూర్ లాంటి దేశాల నుంచి వచ్చేవారికే ఆ తలుపు తెరిచి ఉంటుంది.

ఆ తలుపు దగ్గర కూడా లెక్క వేసుకుంటే గుండె ఝల్లుమంటుంది. కారు ధర, ఓడ కిరాయి, బీమా కలిపి కస్టమ్స్ వారు 20 లక్షలుగా లెక్కగట్టారనుకోండి. 2025 బడ్జెట్ తర్వాత వాడిన కారు మీద మూల సుంకం 70 శాతం, వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు 67.5 శాతం. రెండూ కలిపి 27 లక్షల 50 వేలు. అప్పటికి 47 లక్షల 50 వేలు అయింది. దాని మీద, పెద్ద కారైతే, 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 40 శాతం. అంటే ఇంకో 19 లక్షలు. మొత్తం 66 లక్షల 50 వేలు. ముంబై నుంచి తెచ్చుకునే ఖర్చు, ఇక్కడ కట్టే లైఫ్ ట్యాక్స్ వేరు. కొత్త కారు తెచ్చే కంపెనీలకూ ఈ బరువు తప్పలేదు. 2025 జూలైలో టెస్లా ముంబైలో షోరూం తెరిచి, షాంఘైలో తయారైన మోడల్ వైని దాదాపు 60 లక్షలకు అమ్మకానికి పెట్టింది. అమెరికాలో మన పిల్లలు కొనే ధరతో పోల్చి చూసుకోండి.

అందుకే తిరిగొచ్చే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. అక్కడి కారును అక్కడే అమ్మెయ్యండి, ఆ డబ్బుతో ఇక్కడ దొరికే మంచి బండి తీసుకోండి.

అయితే ఓరుగల్లులో విదేశీ కారు కొనే మనిషి చాలావరకు తనంతట తాను దిగుమతి చేసుకునేవాడు కాదు. వేరెవరో తెచ్చింది, ఒకటి రెండు చేతులు మారాక కొంటాడు. అసలు ప్రమాదం ఇక్కడుంది. సుంకం ఇంత ఉన్నచోట దాన్ని ఎగ్గొట్టే దారులూ పుడతాయి. 2025 మేలో హైదరాబాద్‌కు చెందిన ఒక ఖరీదైన కార్ల వ్యాపారిని రెవెన్యూ నిఘా విభాగం (డీఆర్‌ఐ) అధికారులు అరెస్టు చేశారు. అమెరికా, జపాన్లలో కొన్న కార్లను ముందు దుబాయ్‌కో శ్రీలంకకో చేర్చి, ఎడమ స్టీరింగ్‌ను అక్కడ కుడికి మార్పించి, దొంగ కాగితాలతో ధర బాగా తగ్గించి చూపి ఇక్కడ దింపారన్నది వాళ్ల ఆరోపణ. ఎగ్గొట్టిన సుంకం 25 కోట్ల దాకా ఉంటుందని లెక్క చెప్పారు. అదే సంవత్సరం సెప్టెంబర్‌లో కేరళలో కస్టమ్స్ వారు ఆపరేషన్ నుమ్‌ఖోర్ పేరుతో దాడులు చేశారు. భూటాన్ మీదుగా దొంగచాటుగా వచ్చి, తప్పుడు కాగితాలతో రిజిస్టర్ అయ్యాయని అనుమానించిన కార్ల కోసం సినిమా నటుల ఇళ్ల దాకా వెళ్లారు. ఆ కార్లు కొన్నవాళ్ల గుమ్మం ముందు అధికారులు నిలబడ్డారు. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అదే.

చట్టం ఏమంటుందో కొనేవాడికి తెలియాలి. ధర తప్పుగా చూపి తెచ్చిన సరుకును జప్తు చేసే అధికారం 1962 నాటి కస్టమ్స్ చట్టంలోని 111వ సెక్షన్ ఇస్తుంది. బండి చేతులు మారినంత మాత్రాన ఆ దోషం వదలదు. మోసం జరిగిందని తేలితే ఎగ్గొట్టిన సుంకం కోసం ఐదేళ్ల వెనక్కి వెళ్లి నోటీసు ఇవ్వవచ్చు. జరిమానా కట్టి విడిపించుకునే వీలు 125వ సెక్షన్లో ఉంది గానీ, అప్పటికి అమ్మినవాడు ఫోను ఎత్తడు. బ్యాంకు వాయిదా మాత్రం ప్రతి నెలా మన ఖాతాలోంచే పోతుంటుంది.

మరి ఎట్లా చూడాలి? ఈ చూసే పని నాకు కాజీపేట వైపు షెడ్డు నడిపే ఒక మెకానిక్ నేర్పాడు. ఆయన బండి దగ్గరికి పోకముందే కాగితాలు అడుగుతాడు. మొదటిది బిల్ ఆఫ్ ఎంట్రీ. దిగుమతి కారుకు అదే మూల దస్తావేజు. ఎవరు తెచ్చారు, ఎక్కడి నుంచి, ఏ రేవు, ఏ తేదీ, ఎంత విలువ, ఎంత సుంకం, అన్నీ అందులోనే ఉంటాయి. దాని నంబరు, తేదీ, రేవు ఉంటే కస్టమ్స్ వారి ఐస్‌గేట్ పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు. విలువ దగ్గర ఆగి ఆలోచించాలి. బయట దేశంలో 70 లక్షలు పలికే బండికి కాగితంలో 30 లక్షలు రాసి ఉంటే, ఆ తేడా రేపు మన నెత్తి మీదకు వస్తుంది. తెచ్చిన మనిషి పేరు దగ్గరా ఆగాలి. ఎవరో తిరిగొచ్చిన ప్రవాసి పేరు మీద దిగి, కొద్దిరోజుల్లోనే డీలర్ చేతికి వచ్చిన కారైతే ఆ మనిషితో నేరుగా మాట్లాడనిదే ముందుకు పోవద్దు. తన పేరు వాడుకున్న సంగతి ఆయనకే తెలియకపోవచ్చు.

తర్వాత చాసిస్ నంబరు. అమెరికా మార్కెట్ కోసం తయారైన బండికి 17 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. మొదటిది తయారైన చోటు చెబుతుంది. జే ఉంటే జపాన్, డబ్ల్యూ ఉంటే జర్మనీ, 1, 4, 5 ఉంటే అమెరికా. పదోది మోడల్ సంవత్సరం. ఎన్ అంటే 2022, పీ అంటే 2023, ఆర్ అంటే 2024. అద్దం కింద ఉన్న నంబరు, తలుపు స్టిక్కర్ మీది నంబరు, ఆర్‌సీలో ఉన్న నంబరు ఒక్కటే కావాలి. సీటు బెల్టుల అడుగున కుట్టిన చిన్న పట్టీ మీద తయారీ తేదీ ఉంటుంది. టైరు పక్కన 3522 అని ఉంటే 2022లో 35వ వారం. ఇవన్నీ ఒక కథ చెప్పాలి. ఒకటి ఇంకో కథ చెబితే బండి దిగి వచ్చేయాలి.

స్టీరింగ్ మార్చిన బండిని పట్టుకోవడానికి ఆ మెకానిక్ చేసే పరీక్ష నాకు చాలా ఇష్టం. రాత్రిపూట బండిని గోడకు ఎదురుగా నిలిపి లోబీమ్ వేస్తాడు. మన రోడ్లకు తయారైన హెడ్‌లైట్ వెలుగు గీత గోడ మీద ఎడమవైపు కొద్దిగా పైకి లేస్తుంది, రోడ్డు అంచు కనిపించాలి కాబట్టి. అమెరికా కోసం తయారైన దీపం కుడివైపు లేస్తుంది, అంటే ఎదురుగా వచ్చేవాడి కళ్లలోకి. స్టీరింగ్ మార్చినవాళ్లు చాలాసార్లు దీపాలు మార్చరు. వైపర్లు కూడా చూస్తాడు. డ్రైవర్ ముందు అద్దం అంచు దాకా తుడవాలి. పక్క సీటు ముందు బాగా తుడిచి డ్రైవర్ వైపు మూల వదిలేస్తే ఆ బండి వేరే దేశానికి పుట్టింది. డ్యాష్‌బోర్డు కోసి అతికిన చోట ఎయిర్‌బ్యాగ్ సరిగా తెరుచుకుంటుందా అన్నది ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న. సుంకం కంటే నేను దానికే ఎక్కువ భయపడతాను.

నీళ్లలో మునిగిన బండ్ల సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2023 జూలైలో, మళ్లీ 2025 అక్టోబర్ చివర మొంథా తుపానుకు మన కాలనీల్లో కార్లు ఎట్లా మునిగాయో కళ్లారా చూశాం. 2017లో హార్వీ తుపానుకు మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే హ్యూస్టన్‌లో లక్షల కార్లు మునిగాయి. అలాంటి బండ్లు కడిగి, రంగు వేసి, కొత్త కాగితాలతో ఎక్కడెక్కడికో పోతుంటాయి. సీటు కింద పట్టాల బోల్టులకు తుప్పు, స్టెప్నీ గుంటలో సన్నటి ఒండ్రు, సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగితే కనిపించే నీటి చార, ఇవి దాచడం కష్టం.

నిజాయితీగా తెచ్చుకోవాలనుకునే బ్రిటన్, ఆస్ట్రేలియా ప్రవాసులకు రెండు మాటలు. మూడేళ్ల లెక్కను రిజిస్ట్రేషన్ తేదీతో కాదు, తయారీ తేదీతో చూసుకోండి. ఓడ బయలుదేరే ముందే ముంబైలో లైసెన్సు ఉన్న కస్టమ్స్ బ్రోకర్‌ను మాట్లాడుకోండి. కాగితం ఒక్కటి తక్కువైనా బండి రేవులో పడి ఉంటుంది, దానికి రోజువారీ డెమరేజ్ పడుతుంది. బీమా దారి పొడవునా ఉండాలి, రేవు నుంచి రేవు దాకా కాదు. సుంకం కట్టిన రసీదు, బిల్ ఆఫ్ ఎంట్రీ అసలు ప్రతి జాగ్రత్త. హన్మకొండ ఆర్టీఏ ఆఫీసులో టీజీ 03 నంబరు కావాలంటే కస్టమ్స్ క్లియరెన్స్ లేకుండా పని జరగదు.

ఇంకో వైపు నుంచి కూడా నన్ను అడుగుతారు. నాన్న తోలిన అంబాసిడర్‌ను అమెరికాకు తీసుకుపోవచ్చా అని. ఈ ప్రశ్న అంటే నాకు ప్రేమ. పోవచ్చు. అమెరికా చట్టం ప్రకారం 25 ఏళ్లు దాటిన కారుకు అక్కడి భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది. ఉత్తర్‌పారాలో 2014 దాకా తయారైన ఆ బండ్లలో పాతవి ఆ వయసు ఎప్పుడో దాటాయి. ఏపీ 36 నంబరు ప్లేటుతో ఒక అంబాసిడర్ న్యూజెర్సీ వీధిలో నిలబడితే ఏ తండ్రికైనా ఆనందమే. దానికీ ఇక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ, అసలు ఆర్‌సీ ముందే సిద్ధం చేసుకోవాలి.

మొన్న కిషన్‌పుర కుర్రాడు ఒకడు జపాన్ ఎస్‌యూవీ ఫొటోలు పంపాడు. బండి బాగుంది, ధర ఇంకా బాగుంది. బిల్ ఆఫ్ ఎంట్రీ అడగమన్నాను. అడిగితే డీలర్ అన్నాడట, “ఆర్‌సీ ఉన్నంక అదెందుకన్నా?” అని. ఆర్టీఏ వాళ్లు తమ ముందు పెట్టిన కాగితం చూసి నంబరు ఇస్తారు, ముంబైలో ఎంత ధర రాశారో వాళ్లు తవ్వరు. ఆ మాట చెప్పి, ఆ కాపీ చేతికి వచ్చేదాకా అడ్వాన్సు కట్టొద్దన్నాను. కాపీ ఇంకా రాలేదు. అతను ఇక్కడే తయారైన మరో బండిని చూస్తున్నాడు.