బంతి వదిలి పక్ పట్టిన యేల్ కుర్రాడు

టెన్నిస్ చరిత్ర తిరగేసేవాళ్లకు మాల్కం గ్రీన్ చేస్ పేరు తెలిసిందే. రోడ్ ఐలాండ్‌లో 1875లో పుట్టాడు. బ్రౌన్ యూనివర్సిటీలోనూ, ఆ తర్వాత యేల్‌లోనూ చదువుతూ 1893 నుంచి వరుసగా మూడేళ్లు అమెరికా కాలేజీల సింగిల్స్ గెలిచాడు. 1895లో రాబర్ట్ రెన్‌తో కలిసి జాతీయ డబుల్స్ కూడా కొట్టాడు. నా దృష్టిలో మాత్రం అతని అసలు ఘనత మంచు మీద ఉంది. అమెరికాలో ఐస్ హాకీకి పితామహుడని అతన్ని చాలామంది చెప్పుకుంటారు.

ఆ రోజుల్లో న్యూ ఇంగ్లండ్ కుర్రాళ్లు చలికాలం వచ్చిందంటే గడ్డకట్టిన చెరువుల మీద ఐస్ పోలో ఆడేవారు. పొట్టి కర్ర ఒంటిచేత్తో పట్టుకుని బంతిని బాదడమే ఆట. నయాగరా వైపు టెన్నిస్ పోటీలకు వెళ్లినప్పుడు చేస్‌కు కెనడా ఆటగాళ్లు తారసపడ్డారు. తామాడే హాకీ గురించి వాళ్లు చెబితే అతనికి ఆసక్తి పుట్టింది. తోటి కాలేజీల వాళ్లను కూడగట్టి 1894-95 చలికాలంలో కెనడాకు బయల్దేరాడు. తర్వాతి కాలంలో వాక్‌స్వాతంత్ర్యం మీద రాసి పేరు తెచ్చుకున్న అలెగ్జాండర్ మైకిల్‌జాన్ కూడా ఆ బృందంలో ఉన్నాడు. మాంట్రియల్, ఒట్టావా, కింగ్‌స్టన్, టొరంటో తిరిగి రెండు ఆటలూ ఆడారు. పోలోలో ఒక్కటీ ఓడలేదు. హాకీలో ఒక్కటీ గెలవలేదు.

ఎందుకలా ఓడారో చూస్తేనే ఈ ఆటలోని పనితనం తెలుస్తుంది. బంతి ఎగురుతుంది, దొర్లుతుంది, చేయి జారిపోతుంది. మూడంగుళాల వెడల్పూ అంగుళం మందమూ ఉన్న రబ్బరు బిళ్ల, అంటే పక్, క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్‌లా మంచును కరుచుకుని జారుతుంది. పొడవాటి కర్రను రెండు చేతులా పట్టి, దాని పలకను పక్‌కు ఈ పక్కా ఆ పక్కా మారుస్తూ పోతే పక్ మనతోనే వస్తుంది. అదంతా మణికట్టు పని. పై చేయి కర్రను తిప్పుతుంది, కింది చేయి బలం ఇస్తుంది, కళ్లు మాత్రం ఎదుటివాడి మీదే ఉండాలి.

దీనికి తోడు అప్పటి నియమాలు మరీ కఠినం. జట్టుకు ఏడుగురు. మనకంటే ముందున్న సహచరుడికి పక్ అందించకూడదు. పక్కకో వెనక్కో ఇవ్వాలి, లేదా తానే ఎదుటివాళ్లను తప్పించుకుంటూ చొచ్చుకుపోవాలి. గోల్‌కీపర్ మోకాళ్ల మీద కూర్చోవడానికి కూడా వీల్లేదు. ఇన్ని కట్టుబాట్ల మధ్య ఆడేవాడికి ఒడుపు రాక తప్పదు. బాదుడుకు అలవాటు పడ్డ చేతులు అక్కడ తేలిపోవడంలో వింతేముంది?

తమ ఆటలో ఓటమి ఎరగనివాళ్లు దాన్నే పట్టుకుని వేలాడటం సహజం. చేస్ అలా చేయలేదు. హాకీలోనే ఎక్కువ విద్య ఉందని గ్రహించి, ఆ ఆటను యేల్‌కు తెచ్చి, తోటివాళ్లకు నేర్పి, తానే ముందుండి ఆడాడు. ఇలా ఒప్పుకోగలిగిన గుణం ఎంత గొప్ప ఆటగాళ్లలోనైనా అరుదు. 1896 ఫిబ్రవరిలో యేల్ జట్టు బాల్టిమోర్ వెళ్లి జాన్స్ హాప్‌కిన్స్‌తో తలపడింది. అమెరికా కాలేజీల మధ్య జరిగిన తొలి హాకీ పోటీగా దాన్నే లెక్కిస్తారు.

బాల్టిమోర్‌లో మంచు యంత్రం తయారుచేసింది. అమ్మోనియా యంత్రాలతో ఉప్పునీటిని చల్లబరిచి నేల కింది గొట్టాల్లో పారిస్తే పైన నీరు గడ్డకడుతుంది. వాతావరణం కరుణిస్తుందా లేదా అన్న బెంగ ఉండదు. ఆట తేదీ ముందే చెప్పొచ్చు, జనాన్ని పిలవొచ్చు. అదే ఏడాది న్యూయార్క్‌లో సెయింట్ నికొలస్ రింక్ తెరిచారు, అమెచ్యూర్ లీగ్ మొదలైంది. నేర్పేవాడు ఉన్నా మంచు నిలవకపోతే ఆట నిలవదు. చేస్ ప్రయత్నానికి కాలం అలా కలిసొచ్చింది.

తర్వాత అతను న్యూ ఇంగ్లండ్ జలవిద్యుత్ వ్యాపారంలో పెద్ద పేరు సంపాదించి, 1955లో కన్నుమూశాడు. యేల్ హాకీ హెడ్ కోచ్ పదవికి అతని పేరే పెట్టారు. కీత్ అలెయిన్ ఆ పదవిలో ఉండగా, 2013లో యేల్ జట్టు పిట్స్‌బర్గ్‌లో క్వినిపియాక్‌ను 4-0తో ఓడించి తొలిసారి జాతీయ కాలేజీ టైటిల్ గెలిచింది.