మాటు పడిన రూపాయి

నాణేల వేలంలో పాట కంటే ముందురోజు జరిగే పనే నాకు ఎక్కువ ఇష్టం. కొనేవాళ్లు చూసుకోవడానికి సరుకంతా బయటపెడతారు. లాట్ నంబరు చెబితే నాణెం ట్రేలో పెట్టి చేతికిస్తారు. వేలిముద్ర పడకుండా అంచులు పట్టుకుని, దీపం వెలుతుర్లో అటూ ఇటూ వంచుతూ భూతద్దంలో చూడాలి. ఎంతవరకు పాడాలో, ఎక్కడ ఆగాలో అక్కడే తేల్చుకోవాలి. ఎందుకంటే పాట ఆగిన ధర మీద వేలం సంస్థ కమీషన్, ఆపైన జీఎస్టీ కూడా మనమే కట్టాలి. హాల్లో ఊపు మీద చెయ్యెత్తితే ఆ లెక్కలేవీ గుర్తుండవు.

నేను ముందుగా వెతికేది చార్మినార్ రూపాయిని. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో, 1903లో సైఫాబాద్ టంకశాల వచ్చిన రోజుల్లో మొదలైన నాణెం అది. బరువు 11 గ్రాముల పైచిలుకు, అందులో వెండి నూటికి 82 పాళ్లు. ఒకవైపు చార్మినార్, నడిమి కమాను లోపల ఒకే ఒక్క ఉర్దూ అక్షరం, నిజాం పేరులో మొదటిది. మహబూబ్ కాలానిదైతే ‘మీమ్’. 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిదైతే ‘ఐన్’. ఉస్మాన్ తొలినాళ్ల రూపాయల్లో ఆ ఐన్ సగమే ఉంటుంది, తర్వాతి అచ్చుల్లో నిండుగా కనిపిస్తుంది. సేకరించేవాళ్లు వెంటపడేది ఆ సగం ఐన్ కోసమే. చీమ తలకాయంత గీతలో తేడా, పాట మాత్రం ఎక్కడికో వెళ్లిపోతుంది.

ధర పడగొట్టేవి కూడా భూతద్దంలోనే బయటపడతాయి. ఇంట్లో వెండి గిన్నెలు తోమినట్టు విభూతి పెట్టి తళతళలాడించిన నాణేన్ని తెలిసినవాళ్లు పక్కన పెట్టేస్తారు. ఏళ్ల తరబడి పట్టిన నలుపు ఒకసారి పోతే మళ్లీ అలాగే రాదు, దాంతోపాటు అచ్చు పదును కూడా కొంత అరిగిపోతుంది. ఇక అన్నిటికంటే గట్టి దెబ్బ మాటు మచ్చ. అంచు మీద కొక్కెం పెట్టి మాటు వేసి, తర్వాత ఊడబీకిన చోట చిన్న బొడిపె మిగులుతుంది. కేటలాగులో దాన్ని లోపం కిందే రాస్తారు.

ఆ లోపం దగ్గరే నేను ఆగిపోతాను. మచ్చలేని రూపాయి ఎక్కువ కాలం ఏ పెట్టెలోనో పడి ఉండి ఉంటుంది. మాటు పడిన రూపాయి ఒక ఆడమనిషి మెడలో బతికింది. మన పల్లెల్లో, తండాల్లో రూపాయలను దండ గుచ్చి వేసుకునేవారు. నిజాం రాజ్యంలో ఏడు హాలీ రూపాయలు, అంటే నిజాం సొంత రూపాయలు, పోస్తే ఆరు కల్దార్ రూపాయలు, అంటే బ్రిటిష్ రూపాయలు, వచ్చేవి. బజారులో ఏ మారకం ఎలా నడిచినా మెడలోని వెండి ఆమె సొంతం. కరువొస్తే తాకట్టుకు, పెళ్లొస్తే కూతురి మెడకు. మచ్చ వల్ల నాణెం దెబ్బతిన్నదన్న మాట నిజమే, అందుకు ధర తగ్గించడం న్యాయమే. కానీ ఆ దండ ఏ ఊరిది, అందులో ఎన్ని రూపాయలుండేవి, ఎవరు చేయించారు అన్న ముక్క కేటలాగులో నాకెప్పుడూ కనిపించలేదు. అసలు నష్టం అక్కడుంది.

ఇందుకు కారణం మన భయమే. వినాయకుడి బాలాపూర్ లడ్డూను వేలంలో పాడుకుంటే గౌరవం, ఇంటి సొత్తు వేలానికి వస్తే మాత్రం పరువు పోయినట్టే అనుకుంటాం. అందుకే గుట్టుగా అమ్ముతాం. కొన్న వ్యాపారి ఏమీ అడగడు, అమ్మినవాళ్లు ఏమీ చెప్పరు. దండ తెగి ఒక్కో రూపాయి ఒక్కో చేతికి పోతుంది. మన పేరు దాచుకునే తొందరలో ఊరి పేరు కూడా చెరిపేస్తున్నాం.

ఊరు తెలిస్తే ఏమవుతుందో 2025లో చూశాం. ఉత్తరప్రదేశ్‌లోని పిప్రహ్వా స్తూపాన్ని 1898లో విలియం క్లాక్స్‌టన్ పెప్పే తవ్వించినప్పుడు బుద్ధుడి ధాతువులతో పాటు రత్నాలు దొరికాయి. ఆయన వారసుల దగ్గరున్న రత్నాలను మే నెలలో సోద్‌బీస్ సంస్థ హాంకాంగ్‌లో వేలానికి పెట్టింది. భారత ప్రభుత్వం నోటీసు పంపడంతో వేలం ఆగింది. జులైలో అవి దేశానికి తిరిగొచ్చాయి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తవ్వారో రాతపూర్వకంగా ఉంది కాబట్టే గట్టిగా అడగగలిగాం. ఆ రాత లేకపోతే అవి ఎవరివో చెప్పలేని అందమైన రాళ్లుగా పాటలో అమ్ముడుపోయేవి.

మన రూపాయి దండకు అంత చరిత్ర లేకపోవచ్చు. అయినా ఒక కాగితానికి సరిపడా ఉంది. అమ్మక తప్పకపోతే అమ్మండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ తోమకండి. తెంచకముందే దండ మొత్తానికి ఫొటో తీయండి. ఊరి పేరు, ఎవరు వేసుకునేవారో, ఎప్పుడు చేయించారో మీకు తెలిసినంత రాసి కొనేవాళ్ల చేతిలో పెట్టండి. ఇంటిపేరు చెప్పడం ఇష్టం లేకపోతే ఊరి పేరొక్కటే చాలు. వేలం సంస్థలు ఆ నాలుగు ముక్కలూ కేటలాగులో అచ్చువేయాలి. అలాంటి కాగితంతో వచ్చిన మాటు రూపాయికి, మచ్చలేని రూపాయి ధర ఇచ్చి పాడుకోవడానికి నేను సిద్ధం.