వంట వాళ్ళది, తాళం మనది

రాత్రిళ్ళు బడంగ్‌పేట్‌లో మా మేడ మీది గదిలోంచే నేను చూసుకునే కంప్యూటర్ల క్లస్టర్‌లోకి లాగిన్ అవుతుంటాను. ఆమధ్య ఒక పీహెచ్‌డీ అమ్మాయి మెయిల్ రాసింది: "సార్, నా ల్యాప్‌టాప్‌లో నడిచే ప్రోగ్రామ్ ఇక్కడ జీలిబ్‌సీ 2.29 దొరకలేదంటోంది. డాకర్ పెట్టండి, చాలు."

మా నోడ్ల (క్లస్టర్‌లోని ఒక్కో కంప్యూటర్) మీద ఉన్నది రాకీ లినక్స్ 8. ప్రోగ్రాములు ఆధారపడే ఆ జీలిబ్‌సీ లైబ్రరీ అందులో 2.28. ఒక్క మెట్టు తక్కువ. అయినా ఒకరి కోసం దాన్ని కదిపితే మిగతా అందరి జాబులూ ఆగిపోతాయి.

ప్రోగ్రామ్‌ను దానికి కావలసిన లైబ్రరీలతో సహా కంటైనర్ అనే పెట్టెలో నడిపేది డాకర్; అది అడగడంలో ఆమె తప్పు లేదు. కానీ మామూలుగా పెట్టే డాకర్‌లో వెనక నడిచే డీమన్ రూట్‌గా, అంటే సర్వర్ మీద సర్వాధికారాలతో నడుస్తుంది. డాకర్ గ్రూపులో చేరినవాళ్ళు సర్వర్ డిస్కు మొత్తాన్ని కంటైనర్‌లోకి మౌంట్ చేసుకుని ఎవరి ఫైలైనా తెరవొచ్చు, తుడిచేయొచ్చు. నేను ఇదివరకు పనిచేసిన ఒకచోట అలాగే ఇచ్చారు. ఒక కుర్రాడు తన ఫోల్డరే అనుకుని పక్కవాళ్ళది చెరిపేశాడు. రెండు నెలల ఫలితాలు పోయాయి. పోగొట్టుకున్న పిల్లవాడు స్క్రీన్ ముందు మాట లేకుండా కూర్చోవడం నాకింకా గుర్తుంది.

ఈ చిక్కుకే 2015లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో గ్రెగరీ కర్ట్‌జర్ సింగ్యులారిటీ అనే కంటైనర్ సాధనం మొదలుపెట్టాడు (రాకీ లినక్స్‌కూ ఆయనే ఆద్యుడు). 2021లో అది లినక్స్ ఫౌండేషన్ గూటికి చేరి యాప్‌టైనర్ అయింది. కంటైనర్ బయట ఎవరికి ఏ హక్కులుంటే లోపలా అవే. మా వైపు ఫంక్షన్ హాళ్ళలో పెళ్ళివారు తమ వంటవాళ్ళను తెచ్చుకుంటారు, మెయిన్ స్విచ్ గది తాళం మాత్రం హాలువాళ్ళ దగ్గరే ఉంటుంది. అచ్చం అలాగే.

అందులో కంటైనర్ సరుకంతా పట్టే ఇమేజ్ ఒకే ఫైలు కావడం నాకు ఇంకా పెద్ద ఊరట. పైథాన్ సరంజామా అంటే వేలకు వేలు చిన్న ఫైళ్ళు. అన్ని నోడ్లూ ఒక్కసారి వాటిని తెరిస్తే, మా ఉమ్మడి నిల్వ లస్టర్‌లో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే మెటాడేటా సర్వర్ ఉక్కిరిబిక్కిరవుతుంది.

ఆ అమ్మాయి ఇమేజ్ ఒక నోడ్ మీద చక్కగా నడిచింది. నాలుగింటి మీద పెడితే ఇంకా నెమ్మదించింది! నోడ్ల మధ్య సందేశాలు నడిపే ఎంపీఐకి, కంటైనర్‌లో మా వేగవంతమైన నెట్‌వర్క్ ఇన్ఫినిబ్యాండ్ లైబ్రరీలు దొరక్క, చప్పుడు చేయకుండా మామూలు ఈథర్‌నెట్ పట్టుకుంది. ఆ లైబ్రరీలు చేర్చి, ఎంపీఐ వెర్షన్‌ను మా క్లస్టర్‌దానితో సరిపడేలా చేసేసరికి తెల్లారింది.

ఇంత తిప్పలు ఎందుకంటే, ఇలాంటి యంత్రాలు ఊరికే రావు. ఉదాహరణకు కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ అనే సూపర్‌కంప్యూటర్ ఉంది, వేగం 838 టెరాఫ్లాప్స్. 2015లో మొదలైన జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద వచ్చిందది. పెద్దదైనా చిన్నదైనా ఇలాంటి యంత్రం జనం డబ్బు. "కుదరదు" అని ఒక్క ముక్క రాసి మెయిల్ మూసేస్తే, ఆ పిల్ల సెమిస్టర్‌తోపాటు ఆ డబ్బూ వృథా పోతుంది.

సోమవారం చూస్తే జాబు నాలుగు నోడ్ల మీదా పరిగెడుతోంది. ఫలితాల ఫోల్డర్‌లో ఒక్కో ఫైలూ పడుతోంది, ప్రతిదాని పక్కనా రూట్ అని కాదు, ఆ అమ్మాయి యూజర్ పేరే.