సత్తువ మాట ఏ రాతల ఉన్నది?

నల్లగొండ ఫ్లోరైడ్ మీద వచ్చిన కవితలు, వ్యాసాలు, పత్రికల ప్రత్యేక కథనాలు దొరికినన్ని ముందేసుకొని చదివితే మాకు ఒకే బొమ్మ కనబడ్డది. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఒక వంగిన నడుము, వంకర కాళ్లు, పక్కన బోరింగు. దోషి నీళ్లు. ఆ నీళ్లు తాగిన మనిషి ఆ పూట ఏం తిన్నడు, ఎవరి చేన్ల పనిచేసి వచ్చిండు అన్న ప్రశ్న వీటిలో దాదాపు లేదు.

శాస్త్రం ఈ ప్రశ్న దగ్గరికి ఎప్పుడో వచ్చింది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో ఇక్కడి మనుషుల మోకాళ్లు లోపలికి వంగడం, ఎముకలు గుల్లబారడం గురించి రాసిండ్రు. తర్వాతి పరిశోధన నీళ్ల నుంచి తిండి దాకా నడిచింది. జొన్న మీదనే బతికేవాళ్ల సంగతి చర్చకొచ్చింది. నాగార్జునసాగర్ కట్టినంక ఊటనీరు పైకొచ్చి, జొన్నల్లో మాలిబ్డినం పెరిగి, ఒంట్లో రాగి తగ్గిందనే వాదన కూడా వచ్చింది. తిండిలో కాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ ఎముకను ఇంకా పీడిస్తదన్నది ఇయ్యాల అందరికీ తెలిసిందే. అంటే పాలు, పెరుగు ఉన్న ఇంట్లో, గట్క, పచ్చిపులుసుతో పూట గడిపే ఇంట్లో ఒకే నీళ్లు ఒకే తీరుగ పనిచేయవు. (ఊరి బాయిని వాడ ముట్టుకోనిచ్చిందే ఆలస్యంగా, అది వేరే కథ.)

మరి సాహిత్యం ఏం చేసింది? 'బాధితుడు' అన్న మాట తెచ్చింది. ఈ బాధితునికి కులం లేదు, కూలి లేదు, ఆకలి అసలే లేదు. జాషువా 1941 నాటి గబ్బిలంలో ఆకలిగొన్న మనిషికి కులముంది. అంత ముందు తెలిసిన సంగతి ఫ్లోరైడ్ కవులకు ఎందుకు పట్టలేదు? నీళ్లను తిడితే ఏ దొరకూ కోపం రాదు గనుకనా?

మా వాడల్లో ముందుగాల నొప్పి అనరు. "సత్తువ లేదు బిడ్డా, కాళ్లల్ల పానం లేదు" అంటరు. అదే ఒంటిని ఆసామి "ఒళ్లు బరువు" అని అరకూలి చేతిల పెడతడు. నీరసం సోమరితనమయ్యేది ఈ లెక్కకాడనే. మేం చదివిన రాతల్లో ఈ అరకూలి ఒక్కచోట కూడా కనబడలేదు.

2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ లేచింది, నల్లాల్లకు కృష్ణా నీళ్లొచ్చినయి. ఫ్లోరైడ్ కవిత్వం కూడా పలచబడ్డది. నలభై ఏండ్లకే కట్టె పట్టుకొని, నాట్లకు పోలేక గడపల కూసున్న ఆడమనిషి మాత్రం ఇంకా రేషన్ బియ్యం ఎన్నొద్దులొస్తయో లెక్కబెడుతున్నది.