రూపచిత్రంలో కుంచె జాడ

తైలవర్ణ రూపచిత్రాల విషయంలో రెండు వాదాలు వింటున్నాం. కుంచె విసురులోనే ఆవేశమంతా ఉందనీ, ఎదుట కూర్చున్న మనిషి ఒక సాకు మాత్రమేననీ రూపవాదులంటారు. కుంచె జాడ కనిపించడమే వ్యక్తివాదమనీ, ముఖం నున్నగా, పోలిక తప్పకుండా దిగితే చాలుననీ మన అభ్యుదయవాదుల్లో కొందరంటారు. ఈ రెండు వాదాలూ నిలిచేవి కావని నా అభిప్రాయం. ఇల్యా రేపిన్ వేసిన ముసోర్గ్‌స్కీ చిత్రమే ఇందుకు సాక్ష్యం.

'బోరిస్ గొదునోవ్' సంగీత నాటకకర్త ముసోర్గ్‌స్కీ భూస్వామి కుటుంబంలో పుట్టాడు. 1861లో సెర్ఫుల విముక్తి తర్వాత ఆ ఆస్తి కరిగిపోయింది. గుమాస్తా పని చేశాడు. 1880లో అదీ పోయింది. తాగుడు అతణ్ణి తినేసింది. 1881 మార్చిలో సెయింట్ పీటర్స్‌బర్గ్ సైనికాసుపత్రిలో ఉన్న ఈ మిత్రుణ్ణి రేపిన్ నాలుగు రోజుల్లో చిత్రించాడు. పాత రష్యన్ పంచాంగం ప్రకారం అవి 2 నుంచి 5 వరకు తేదీలు. 16న ముసోర్గ్‌స్కీ కన్నుమూశాడు. అప్పటికతనికి 42 ఏళ్లు.

తైలవర్ణం ఆరడానికి రోజులు పడుతుంది. పూత మీద పూత వేసే తీరిక రేపిన్‌కు లేదు. తడి రంగు మీదనే తడి రంగు పడింది. అయినా ఆ కుంచె అంతటా ఒకే తీరుగా నడవలేదు. ఆకుపచ్చని ఆసుపత్రి అంగీ మీద విశాలంగా సాగింది. రేగిన జుట్టులో, గడ్డంలో చెదిరింది. కళ్ల దగ్గర నెమ్మదించింది. ఎర్రబారిన ముక్కును దాచలేదు, ఎగతాళీ చేయలేదు. శిథిలమైన దేహాన్నీ, చెక్కుచెదరని బుద్ధినీ పక్కపక్కనే నిలిపింది. ఇక్కడ ఆవేశం చిత్రకారుడు పైనుంచి పూసినది కాదు. మనిషిని చూడటంలోంచి పుట్టినది.

1930ల నుంచి సోవియట్ యూనియన్‌లో రేపిన్‌ను వాస్తవికతకు ఆదర్శంగా నిలబెట్టారు. కాని నాయకుల చిత్రాలు వేసిన అనుచరులు చాలామంది ఆయన పేరు తీసుకున్నారు, చూపు తీసుకోలేదు. ముఖం ఎలా ఉండాలో ముందే నిర్ణయమైపోతే కుంచెకు వెతకవలసిందేమీ మిగలదు. ఆ నునుపుకు కారణం అదే. ఏ ముఖం మీదనైనా ఒకే తుఫాను రేపే రూపవాది కుంచె కూడా అంతే. ఇద్దరూ ఎదుటి మనిషిని చూడలేదు.

కనుక విద్యార్థి మిత్రులు రూపచిత్రం ముందు నిలబడినప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఈ కుంచె జాడను మరో ముఖం మీదికి మార్చితే అతుకుతుందా? అతికితే ఆ చిత్రంలో మనిషి లేడు.