వత్తు తెగని జెర్సీ

సంక్రాంతికో, శివరాత్రికో, ఊరి తిరునాళ్లకో నంద్యాల చుట్టుపక్కల కబడ్డీ పోటీలు పెడితే పొద్దున్నే జట్లన్నీ వచ్చి దిగుతాయి. గోస్పాడు నుంచి వచ్చింది ఏ జట్టు, ఆళ్లగడ్డ వైపు నుంచి వచ్చింది ఏది అంటే చొక్కా చూసి చెప్పడం కష్టం. మైకు పట్టుకున్నాయన పేరు పిలిస్తేనే తెలుస్తుంది. ఒకే ఊరి జట్టు నిరుడు నీలం మీద సింహంతో వచ్చింది, ఈ ఏడు ఎరుపు మీద గద్దతో వచ్చింది. వచ్చే ఏడు సంగతి డబ్బిచ్చే దాతను బట్టి. నిరుటి చొక్కాలు పత్తికి మందు కొట్టేటప్పుడు వేసుకోవడానికి పనికొస్తున్నాయి.

ఒకప్పుడు ఇన్ని రంగులకు వీలే లేదు. బనియన్లు డజను లెక్కన కొనుక్కొచ్చి, పాత ఎక్స్‌రే ఫిల్మును బ్లేడుతో కోసి అంకెల అచ్చులు చేసి, స్పాంజితో రంగు అద్దేవాళ్లు. కాస్త స్తోమత ఉంటే స్క్రీన్ ప్రింటింగు. అందులో ఒక్కో రంగుకు ఒక్కో తెర కట్టాలి, తెరకింత అని డబ్బులు. కాబట్టి ఒక రంగు, మహా అయితే రెండు. కట్టిన తెరను దాచి మళ్లీ మళ్లీ వాడేవాళ్లు. అలా ఎవరూ అనుకోకుండానే జట్టుకు ఒక రూపం నిలిచేది.

ఇప్పుడొచ్చిన సబ్లిమేషన్‌లో ఆ కట్టడి లేదు. బొమ్మను అద్దంలో చూసినట్టు తిరగేసి కాగితం మీద ముద్రిస్తారు. తెల్ల పాలిస్టర్ గుడ్డ మీద ఆ కాగితం పరిచి, సుమారు 200 డిగ్రీల వేడిలో నిమిషం లోపే నొక్కుతారు. సిరా కరిగి ద్రవం కాకుండానే ఆవిరై దారంలోకి దిగిపోతుంది. కాగితం మీద వెలిసిపోయినట్టు కనిపించిన రంగు గుడ్డ మీద ధగధగలాడుతుంది. నూలు గుడ్డ మీద మాత్రం నిలవదు, ఉతికితే పోతుంది. ఇందులో రెండు రంగులకైనా ఇరవై రంగులకైనా ఖర్చు ఒకటే. అందుకే చొక్కా నిండా మంటలు, మెరుపులు, కోరలు. ఖర్చు విధించిన కట్టడి పోయింది కాబట్టి ఇక ఎవరో ఒకరు కూర్చుని కట్టడి రాసుకోవాలి.

రాసుకోవడం అంకెలతో మొదలుపెడితే మంచిది, ఎందుకంటే అక్కడ వాదనకు తావు లేదు. కబడ్డీ నిబంధనల ప్రకారం చొక్కా ముందు అంకె కనీసం 4 అంగుళాలు, వెనక 6 అంగుళాలు ఉండాలి. వాలీబాల్లో ముందు 15 సెంటీమీటర్లు, వెనక 20 సెంటీమీటర్లు, అంకె గీత మందం 2 సెంటీమీటర్లు. పైగా రక్షణకే ఉండే లిబెరో ఆటగాడి చొక్కా మిగతావాళ్లకు భిన్నమైన రంగులో ఉండాలి. ఈ కొలతలు అందం కోసం పెట్టినవి కావు. కూతకెళ్లినవాడు ఎవర్ని తాకాడో స్కోరరు దుమ్ములో, దీపాల వెలుగులో చూసి రాయాలి. 3కి 8కి, 1కి 7కి తేడా తెలియని వంకర అంకెలు వేయించుకున్న జట్టు గొడవను తనే డబ్బిచ్చి కొనుక్కున్నట్టు.

తర్వాత ఊరి పేరు. అసలు పని ఇక్కడే ఉంది. గోస్పాడు అని రాయండి, ‘స్పా’లో పకారపు వత్తు కిందికి దిగుతుంది. నంద్యాలలో యకారపు వత్తు దకారం కింద నుంచి పక్కకు లేస్తుంది. ఆళ్లగడ్డలో రెండు వత్తులు. అంటే ఈ మూడింట్లో ఏ పేరూ గీత మీద చదునుగా కూర్చోదు. డిజైను టెంప్లేట్లు చూస్తే ఇంగ్లిష్ పెద్దక్షరాలకు చేసినవే ఎక్కువ. ఆ అక్షరాలన్నీ దాదాపు ఒకే ఎత్తు, కింద వేలాడేదేమీ ఉండదు కాబట్టి పేరు కింద రెండు వేళ్ల సందు వదిలి నంబరు పెట్టేస్తారు. అక్కడ తెలుగు పేరు వేస్తే వత్తు వచ్చి నంబరు నెత్తిన ఎక్కుతుంది. షాపులో కుర్రాడు ఏం చేస్తాడు? పేరును కుదిస్తాడు, లేదా విసుగొచ్చి ఇంగ్లిష్‌లో కొట్టేస్తాడు. తెలుగు జెర్సీకి బాగుండదని ఒక మాట కూడా అంటాడు. బాగుండనిది తెలుగు కాదు, ఆ సందు. అక్షరం ఎత్తులో మూడో వంతు ఖాళీ వత్తుకని ముందే వదిలితే పేరు హాయిగా సర్దుకుంటుంది.

పేరును విల్లులా వంచడం ఇంకో ఆపద. కంప్యూటర్లో పదాన్ని మొత్తంగా పట్టి వంచితే పై భాగం సాగుతుంది, వత్తులు నలుగుతాయి. ఒక్కో అక్షరాన్ని దాని వత్తుతో సహా ఒకే ముక్కగా పట్టుకుని వంపు వెంట తిప్పి కూర్చోబెట్టాలి. ఓపిక లేకపోతే వంచకండి, సూటి గీతే మేలు. అక్షరాల చుట్టూ మందపాటి అంచు పెట్టడం కూడా మోజే. పకారానికీ వకారానికీ ఉన్న తేడా చిన్న సందు మాత్రమే. అంచు ఆ సందును మింగేస్తే గోస్పాడు కాస్తా గోస్వాడు అవుతుంది. ఊరి పేరు మారిపోయిందని జట్టు మొత్తం చొక్కాలు అచ్చయ్యాక గుర్తిస్తారు. ముందే ఒక కాగితం మీద అసలు సైజులో ముద్రించి, గోడకు అంటించి, 13 మీటర్ల దూరం నుంచి చదవమనండి. మగవాళ్ల కబడ్డీ కోర్టు పొడవు అంతే. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర లాంటి బొద్దు అక్షరం ఆ దూరానికి బాగా ఆనుతుంది.

ఇలా కొలత రాసుకుని పనిచేయడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. ఆళ్లగడ్డ రాతి శిల్పానికి పేరుమోసిన ఊరు. దేవతామూర్తిని చెక్కడానికి శిల్పశాస్త్రంలో తాళమానం అనే లెక్క ఉంది. ముఖం పొడవు ఒక తాళం, తాళానికి 12 అంగుళాలు. నవతాళ విగ్రహం 108 అంగుళాలు, ఉత్తమ దశతాళం పది తాళాలకు ఇంకో నాలుగు అంగుళాలు కలిపి 124. ఈ అంగుళం టేపు మీది అంగుళం కాదు, విగ్రహం ఎత్తును బట్టి పెరిగి తగ్గే పాలు. అందుకే అరచేతిలో పట్టే మూర్తి అయినా, గుడి ముందు నిలబెట్టే మూర్తి అయినా, ఎవరు చెక్కినా నరసింహుడు నరసింహుడిలాగే ఉంటాడు. జెర్సీకీ ఈ పద్ధతే సరిపోతుంది. ఊరి పేరులో అక్షరం ఎత్తు ఒక పాలు అనుకుని, వత్తు సందు ఎంత, గుర్తు వెడల్పు ఎంత, నంబరు ఎన్ని పాళ్లు అని ఒక్క కాగితం మీద గీసుకోవాలి. పన్నెండేళ్ల పిల్లాడి చొక్కాకీ, ఆడపిల్లల జట్టుకీ, పోటీల ఫ్లెక్సీకీ అదే కాగితం పనికొస్తుంది. ఒక్క నిబంధనల అంకె మాత్రం చిన్న చొక్కా అయినా తగ్గకూడదు.

రంగు దగ్గరికొస్తే మన దగ్గర అది ఉత్త రంగు కాదు. పసుపు వేస్తే ఒక పార్టీ అంటారు, నీలం, ఆకుపచ్చ కలిస్తే ఇంకో పార్టీ అంటారు. పంచాయతీ భవనాలకు వేసిన పార్టీ రంగుల గొడవ 2020లో హైకోర్టు దాటి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రాష్ట్రం ఇది. కుర్రాళ్ల జట్టుకు ఆ తలనొప్పి ఎందుకు? మెరూన్, ముదురు ఊదా, నారింజ లాంటివి రెండు ఎంచుకుని వాటినే పట్టుకుని ఉండాలి. కలకత్తాలో 1889లో పుట్టిన మోహన్ బగాన్‌ను ఆకుపచ్చ, మెరూన్ జట్టుగానూ, 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్‌ను ఎరుపు, బంగారు రంగుల జట్టుగానూ ఇప్పటికీ పిలుస్తారు. తెలుపు మాత్రం వద్దు, నల్లరేగడి మట్టిలో మొదటి పట్టుకే దాని పని అయిపోతుంది. ఫోన్లో చూసిన రంగును నమ్మి ఒప్పుకోకండి, అదే గుడ్డ ముక్క మీద కొట్టించి ఎండలో ఒకసారి, రాత్రి దీపం కింద ఒకసారి చూడాలి.

గుర్తు విషయంలో నాకు కొంచెం పట్టుదల ఎక్కువే. ఇంటర్నెట్‌లో దొరికే తెల్లతల గద్ద అమెరికాది. గోస్పాడు కుర్రాడికీ దానికీ ఏం సంబంధం? 2008లో హైదరాబాద్ ఐపీఎల్ జట్టు డెక్కన్ చార్జర్స్ దూకే ఎద్దును పెట్టుకుంది. ఎద్దు మీద అంతకంటే ఎక్కువ హక్కు బండలాగుడు పోటీలు చూసి పెరిగినవాళ్లకుంది. నల్లమల పులి ఉంది, పత్తి కాయ ఉంది, కుందూ నది వంపు ఉంది. మహానంది నందినో అహోబిలం నరసింహుణ్ణో నేరుగా వేస్తే మాత్రం పెద్దవాళ్లు ఒప్పుకోరు, వాళ్ల మాటా న్యాయమే. మట్టిలో పొర్లే చొక్కా అది. ఏ బొమ్మ వేసినా మొత్తం నలుపుతో నింపి చూడండి. లోపలి గీతలు లేకుండానే ఎద్దు ఎద్దులా కనిపిస్తే అది గుర్తు.

ఇక ఫైలు. జెర్సీలు కొట్టించాక అసలు ఫైలు షాపు కంప్యూటర్లోనే ఉండిపోతుంది. జట్టు దగ్గర మిగిలేది వాట్సాప్‌లో నలిగిన ఫొటో, దాన్ని పెద్దది చేస్తే అంచులన్నీ రంపపు పళ్లు. పేరును ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో కొట్టి ఉంటే ఆ ఫాంటు లేని ఇంకో షాపులో తెరిచినప్పుడు పిచ్చి గీతలు వస్తాయి. అందుకని అక్షరాలను కర్వ్స్‌లోకి, అంటే గీతల బొమ్మగా మార్పించి, సీడీఆర్, పీడీఎఫ్ ఫైళ్లు రెండూ అడిగి తీసుకోవాలి. వాట్సాప్‌లో పంపినా ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపాలి. కెప్టెన్ పై చదువుకో ఉద్యోగానికో హైదరాబాద్ వెళ్లిపోతాడు కాబట్టి వ్యాయామ ఉపాధ్యాయుడి దగ్గర ఒక ప్రతి ఉంచడం మంచిది.

దాత పేరు ఎక్కడ రావాలన్నది కూడా కొలతలు గీసుకున్న ఆ కాగితంలోనే ఉండాలి. వెనక నంబరు కింద ఒక పట్టీ, ఎత్తు ఊరి పేరులో సగానికి మించకూడదు, ఫొటో ఉండదు. డబ్బులు తీసుకోకముందే కాగితం ఆయన చేతిలో పెడితే చాలామంది సరేననే అంటారు. డబ్బు చేతిలో పడ్డాక చెబితే మాత్రం ఆయన తమ్ముడి ఫొటో కూడా పెట్టాల్సి వస్తుంది.